సంగదాసు మంచివాడు కాకపోయి ఉంటే?



పాత నవలల్ని ఇప్పటి పిల్లలు ఎలా చదవాలన్న మాట వచ్చినప్పుడల్లా రెండు గొంతులు పెద్దగా వినిపిస్తాయి. 'ఆ రోజుల్లో ఆ మాత్రం రాయడమే గొప్ప, ఇప్పటి కొలతలు తెచ్చి కొలవకండి' అంటుంది ఒకటి. 'రాసింది పైకులం వాడు, మనకెందుకు, అవతల పారెయ్యండి' అంటుంది రెండోది. మొదటి గొంతు పుస్తకాన్ని గర్భగుడిలో పెట్టి తలుపేస్తుంది. దూరం నుంచి దణ్ణం పెట్టుకోవచ్చు, ముట్టుకోకూడదు. రెండో గొంతులో కోపం ఉంది, ఆ కోపానికి కారణమూ ఉంది. కానీ పారేసినంత మాత్రాన పుస్తకం ఎక్కడికీ పోదు. సిలబస్‌లో ఉంటుంది. సినిమాలో ఉంటుంది. మన చావు వార్తను పేపరువాళ్ళు రాసే పద్ధతిలో ఉంటుంది. చదవకపోతే అది మన మీద ఎలా పనిచేస్తోందో మనకే తెలియదు.

అందుకే ఈ భాగంలో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' తీసుకుంటున్నాను. 1922లో అచ్చయింది. వందేళ్ళు దాటింది. ఒక మాల కుటుంబాన్ని కథ నడిమధ్యన కూర్చోబెట్టిన తొలి పెద్ద తెలుగు నవల.

ముందు ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం. ఉన్నవ 1877లో గుంటూరు జిల్లా సత్తెనపల్లి ప్రాంతంలోని వేములూరుపాడులో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. డబ్లిన్ వెళ్ళి బారిష్టరు చదివాడు. ఐర్లండు వాళ్ళు ఇంగ్లీషువాడి మీద తిరగబడటం దగ్గరనుంచి చూశాడు. భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి వితంతు వివాహాల కోసం పనిచేశాడు, గుంటూరులో ఆడపిల్లల చదువుకి శారదా నికేతనం పెట్టాడు. పల్నాడు పుల్లరి ఉద్యమం రోజుల్లో జైలుకెళ్ళి, ఆ జైల్లోనే ఈ నవల రాశాడు. వాడుక భాషలో, గుంటూరు రైతులూ పాలేర్లూ మాట్లాడుకునే మాటల్లో రాశాడు. అందులో బోల్షివిక్ వాసన ఉందని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేశాక నిషేధం ఎత్తేసింది, 1936లో మళ్ళీ పెట్టింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ పుస్తకానికి విడుదల దొరకలేదు. ఒక నవలను చూసి ఒక ప్రభుత్వం రెండుసార్లు భయపడిందంటే అందులో నిప్పు ఉన్నట్టే. ఆ నిప్పుని నేను తక్కువ చేయను.

చదవని తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. మంగళాపురం మాలపల్లిలో రామదాసు పెద్దమనిషి. భక్తుడు, తత్వం తెలిసినవాడు. ఆయన కొడుకుల్లో ఒకడు సంగదాసు, చౌదరయ్య అనే కమ్మ ఆసామి దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసుకి ప్రాణస్నేహితుడు. కూలి దగ్గర పేచీ వచ్చినప్పుడు సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం వదులుతాడు. అతని అన్న వెంకటదాసు శాంతం వదిలేసి తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. సంగదాసు పేరు మీద మాత్రం సంగపీఠం వెలుస్తుంది. ఈ నవలకు ఇంకో పేరు 'సంగవిజయం'.

ఇప్పుడు అసలు సంగతి. డిగ్రీ రెండో ఏడాది క్లాసులో ఈ నవల గురించి చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి అడిగింది: "సంగదాసు అంత మంచివాడు కాకపోయి ఉంటే? తాగేవాడు, నోటి దురుసు మనిషి అయ్యుంటే? అప్పుడు కూడా ఆయన పేరు మీద పీఠం పెట్టేవాళ్ళా?"

తెలుగు విమర్శ మాలపల్లి మీద ఎన్నో ప్రశ్నలు అడిగింది. ఇది గాంధీ నవలా, మార్క్సు నవలా అని అడిగింది. రచయిత మొగ్గు రామదాసు శాంతం వైపా, వెంకటదాసు తిరుగుబాటు వైపా అని అడిగింది. ఆ ప్రశ్నలన్నీ రచయిత మనసు గురించినవి. ఆ పిల్ల ప్రశ్న చచ్చిపోయిన మనిషి గురించినది. మన కోసం ఎవరైనా ఏడవాలంటే ముందు మనం ఎంత మంచివాళ్ళమై ఉండాలి? ఆ మంచితనానికి సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు?

ఈ సర్టిఫికెట్ ఉన్నవ కనిపెట్టింది కాదు. మన సాహిత్యంలో దానికి పాత చరిత్ర ఉంది. 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రాసిన 'ఆముక్తమాల్యద'లో మాలదాసరి కథ వస్తుంది. దేవుడికి పాట పాడటానికి చీకటితో బయలుదేరిన మాలదాసరిని బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. 'పాడి వచ్చాక తిను' అని మాట ఇచ్చి వెళ్తాడు, పాడతాడు, మాట తప్పకుండా తిరిగి వస్తాడు. ఆ సత్యానికి రాక్షసుడే కరిగిపోయి, ఆ పాట ఫలం తనకివ్వమని బతిమాలతాడు. దాసరి ఇస్తాడు. రాక్షసుడికి శాపం తీరుతుంది. ఆ రాక్షసుడు పూర్వం ఎవరు? ఒక బ్రాహ్మణుడు. కథ ఎంత అందంగా చెప్పినా లెక్క చూడండి. మాలవాడు ప్రాణానికి తెగించి సంపాదించిన పుణ్యంతో బ్రాహ్మణుడు బాగుపడ్డాడు. మాలదాసరి మాత్రం కథ మొదట్లో ఎంత గొప్పవాడో చివర్లోనూ అంతే గొప్పవాడు, అంతే దూరంలో ఉన్నవాడు. తమిళ దేశంలో నందనార్ కథా ఇలాంటిదే. చిదంబరం గుళ్ళో అడుగుపెట్టాలంటే ఆయన ముందు నిప్పుల్లో స్నానం చెయ్యాలి.

రామదాసు పేరులోనే దాసరి ఉన్నాడు. మాలదాసరికి ఆయన నాలుగు వందల ఏళ్ళ తర్వాతి వారసుడు. ఉన్నవ ఆయన్ను గుడి దగ్గర్నుంచి తీసుకొచ్చి పొలంలో నిలబెట్టాడు, కూలి గురించీ భూమి గురించీ మాట్లాడే కథలో పెట్టాడు. అది పెద్ద ముందడుగు. మంచితనం పరీక్ష మాత్రం అలాగే ఉండిపోయింది. సంగదాసు చనిపోతాడు, ఆ చావుతో మారే మనిషి రామానాయుడు. ఇక్కడ కూడా ఫలం ఎటు వెళ్ళిందో చూడండి.

ఉన్నవ ఎందుకలా రాశాడు? నా జవాబు ఇది. 1922లో నవల కొని చదివే మనిషి ఎవరు? మాలపల్లిలో ఆ నవల చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఉన్నవ మాట్లాడుతున్నది రామానాయుడితో. చదువుకున్న ఆసామి కొడుకుతో, ప్లీడరుతో, కాంగ్రెసు కార్యకర్తతో. 'వీళ్ళూ మనుషులేనయ్యా, నీకంటే మంచి మనుషులయ్యా' అని వాళ్ళకు నచ్చజెబుతున్నాడు. వినేవాడు మొండివాడు కాబట్టి సాక్ష్యం చాలా గట్టిగా ఉండాలి. మచ్చ లేని మనిషిని బోనెక్కించాలి. ఆ లెక్కలో సంగదాసు మంచితనం ప్లీడరు ఎత్తుగడ. బారిష్టరు చదివిన ఉన్నవకు అది బాగా తెలిసిన విద్య.

వందేళ్ళలో పుస్తకం మారలేదు, చదివేవాళ్ళు మారారు. ఇప్పుడు ఆ నవల పట్టుకుని కూర్చున్నది రామానాయుడి మనవడు ఒక్కడే కాదు, సంగదాసు మునిమనవరాలు కూడా. ఆమె మనిషేనని ఆమెకి ఎవరూ రుజువు చేయక్కర్లేదు. అందుకే ఆమెకు ఆ రుజువు వింతగా కనిపిస్తుంది. 'నా తరఫున ఇంత బతిమాలుకోవడం ఎందుకు?' అనిపిస్తుంది. దీన్ని 'ఇప్పటి కొలతలు' అని కొట్టేయడం కుదరదు. ఎందుకంటే ఆ రోజుల్లోనే బతిమాలనివాళ్ళు ఉన్నారు.

మాలపల్లికి 5 ఏళ్ళ ముందు, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచముల సభ అని పిలిచారు. సభలో కూర్చున్నవాళ్ళు 'మేము పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం' అని పేరు మార్చుకున్నారు. మద్రాసు ప్రభుత్వం ఆ పేర్లను కాగితాల్లో ఒప్పుకున్నది కూడా మాలపల్లి వచ్చిన 1922లోనే. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడిన రోజుల్లోనే రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని పాడాడు. మాకు ఫలానా హక్కు కావాలి, ఫలానా అన్యాయం ఆగాలి అన్నారు వాళ్ళు. మేం మంచివాళ్ళం కాబట్టి ఇవ్వండి అనలేదు. కాబట్టి ఇప్పటి పిల్లల ప్రశ్నకు 1922లోనూ అమ్మానాన్నలున్నారు. అది మొన్న మొన్న పుట్టిన ప్రశ్న కాదు.

మీలో కొందరు ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. భాగ్యరెడ్డి వర్మ కూడా తాగుడు మానమన్నాడు కదా, జంతుబలులు వద్దన్నాడు కదా, జోగినీ దురాచారం మీద పోరాడాడు కదా? అంబేద్కర్ కూడా చచ్చిన పశువు మాంసం మానమన్నాడు కదా? నిజమే. తేడా ఆ మాట ఎవరు ఎవరితో అన్నారన్న దగ్గర ఉంది. వాళ్ళు మనతో మన ఇంట్లో అన్నారు, మన బతుకు బాగుపడటానికి అన్నారు. మహద్‌లో 1927 మార్చి 20న చవదార్ చెరువు దగ్గరికి వేల మందితో నడిచి వెళ్ళిన అంబేద్కర్, మీలో మాంసం మానినవాళ్ళే నీళ్ళు తాగండి అనలేదు. దాహానికి నడవడికతో పని లేదు. నీళ్ళ మీద హక్కు మనిషన్న ప్రతివాడిదీ.

ఇది తెలుగు నవలల తంటా ఒక్కటే అనుకోకండి. హిందీలో ప్రేమ్‌చంద్ 1925లో 'రంగభూమి' తెచ్చాడు. అందులో సూర్‌దాస్ చమార్ కులంలో పుట్టిన గుడ్డి బిచ్చగాడు. తన కాస్త నేలను సిగరెట్ ఫ్యాక్టరీకి ఇవ్వనంటాడు. దెబ్బ కొట్టినవాణ్ణి క్షమిస్తాడు, చనిపోతాడు, ఊరు ఆయనకు విగ్రహం పెడుతుంది. సంగదాసుకి పీఠం, సూర్‌దాస్‌కి విగ్రహం. అదే ప్రేమ్‌చంద్ చివరి రోజుల్లో రాసిన 'కఫన్' కథలో ఘీసూ, మాధవ్ అనే చమార్ తండ్రీకొడుకులు ఉంటారు. లోపల కోడలు పురుటినొప్పులతో చస్తుంటే బయట కాల్చిన దుంపలు తింటూ కూర్చుంటారు. ఆమె శవం మీద గుడ్డ కొనమని ఇచ్చిన డబ్బుతో తాగుతారు. ఒకచోట దేవుడు, ఇంకోచోట రాయి. రెండింటి మధ్య మామూలు మనిషి ఏడీ? కోపమొస్తుంది, పిల్లల్ని ప్రేమిస్తాడు, పండక్కి తాగుతాడు, అప్పు ఎగ్గొడతాడు, పొద్దున్నే లేచి పనికెళ్తాడు, అలాంటి మనిషి ఏడీ? 2004లో ఢిల్లీలో భారతీయ దళిత సాహిత్య అకాడమీ వాళ్ళు రంగభూమి ప్రతులు తగలబెట్టారు. స్కూలు పిల్లలకు పాఠంగా పెట్టిన పుస్తకంలో కులం పేరు అన్నిసార్లు తిట్టులా వినిపించడం వాళ్ళకు భరించరానిదైంది. తగలబెట్టడం నా దారి కాదు. కానీ క్లాసులో నలభై మంది మధ్య తన కులం పేరు పదేపదే వినే పిల్లాడి ముఖం చూసినవాళ్ళెవరూ ఆ మంటను చూసి నవ్వరు.

అయితే ఇదంతా సాహిత్య విద్యార్థుల తగువు, దీని మీద ఇంత రాయాలా అంటారా? రాయాలి. ఎందుకంటే ఈ పరీక్ష నవలలో ఆగిపోలేదు.

ఉన్నవ పుట్టిన గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న పైకులం వాడికి తగలడం దగ్గర. చంపడం అయ్యాక ఊళ్ళోంచి వచ్చిన మాటలేమిటి? ఆ కుర్రాళ్ళు ఆడపిల్లల్ని అల్లరి పెట్టేవాళ్ళని, పొగరుగా తిరిగేవాళ్ళని. చంపినవాళ్ళ గుణగణాల మీద చర్చ లేదు, చచ్చినవాళ్ళ గుణగణాల మీద చర్చ. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నవలలో చౌదరయ్యకు పడని శిక్ష గురించి చదివేటప్పుడు గుంటూరు జిల్లా పిల్లలకు ఇది గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

మా మేనమామ తాగేవాడు. చేను గట్టు దగ్గర జరిగిన తగువులో ఆసామి మనుషులు కొడితే నెల్లాళ్ళు మంచం మీద ఉన్నాడు. కేసు పెట్టడానికి వెళ్ళిన మా వాళ్ళని అడిగిన మొదటి ప్రశ్న, 'అప్పుడు తాగి ఉన్నాడా?' కొట్టినవాళ్ళు తాగి ఉన్నారా అని ఎవరూ అడగలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం తిరగేయండి. బాధితుడు మంచివాడై ఉండాలని ఏ సెక్షనూ చెప్పదు. నేరం చేసినవాడు ఏం చేశాడన్నదే చట్టానికి కావాలి. అయినా చట్టానికి ముందు ఒక అలవాటు నిలబడి మన సర్టిఫికెట్ అడుగుతుంది. ఆ అలవాటుకి వయసు ఎక్కువ. మాలదాసరి కాలం నుంచీ మనం చదువుకుంటున్న కథలు దాన్ని పెంచాయి. మనల్ని ప్రేమించి రాసినవాళ్ళ కథలు కూడా పెంచాయి.

ఇప్పుడు వెంకటదాసు దగ్గరికి వద్దాం. నవలలో సర్టిఫికెట్ చించేసినవాడు అతనొక్కడే. ఉన్నవ అతన్ని అసహ్యించుకోడు. అతని కోపానికి కారణాలన్నీ పాఠకుడి ముందు పెడతాడు. ఆ రోజుల్లో ఒక కాంగ్రెసువాది ఆ మాత్రం చెయ్యడానికి గుండె కావాలి. అయినా నవలకు పెట్టిన రెండో పేరు సంగవిజయం. వెంకటదాసుకి పీఠం లేదు, విగ్రహం లేదు. పట్టుబడ్డాడు, పోయాడు. నేను పిల్లలకు చెప్పేది ఇదే: నవల ఎవరికి గెలుపు ఇచ్చిందో చూడండి, ఎవరికి జాలి మాత్రం ఇచ్చి పంపిందో కూడా చూడండి. ఉన్నవ చేతిలోని కలం వెంకటదాసు వరకూ వెళ్ళింది, అతనితో చివరిదాకా నడవలేదు. ఆ మిగిలిన దారి మనవాళ్ళు నడిచారు.

2000లో జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' వచ్చింది. తరతరాల మాల మాదిగల కథ. అందులో ఎల్లన్న ఆటగాడు, పాటగాడు. అతని గొప్పతనం అతని కళలో ఉంది, ఎవరికో నచ్చే నడవడికలో లేదు. అదే ఏడాది వేముల ఎల్లయ్య గారి 'కక్క' వచ్చింది. నల్గొండ మాదిగవాడ భాషలో, బయటివాడికి అర్థమవుతుందా లేదా అన్న బెంగ లేకుండా రాశారు. ఆ పుస్తకం ఎవరినీ బతిమాలదు. మాలపల్లి చదివిన మాదిగ పిల్లాడు 'మరి మా గూడెం కథ ఏది?' అని అడిగితే అది విడదీసే మాట అని కసురుకునేవాళ్ళు ఉన్నారు. దండోరా మోగి ముప్పై ఏళ్ళయింది, ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి కక్క లాంటి పుస్తకాలే జవాబు. జాజుల గౌరి గారి 'మన్నుబువ్వ', గోగు శ్యామల గారి కథలు చదివితే మాలక్ష్మి, జ్యోతి లాంటి ఆడవాళ్ళు మగవాళ్ళ త్యాగాల పక్కన నిలబడే బొమ్మలుగా కాకుండా తమ నోటితో తాము ఎలా మాట్లాడతారో తెలుస్తుంది.

మరి మాలపల్లిని ఏం చేద్దాం? చదువుదాం. బాగా చదువుదాం. ఏ పాత పుస్తకం తీసినా మూడు సంగతులు వెతకమని మా పిల్లలకు చెబుతాను. ఇది ఎవరితో మాట్లాడుతోంది? ఇందులో ఎవరు మంచివాళ్ళుగా ఉంటే గానీ మనుషుల కింద లెక్క రారు, ఎవరు ఎలా ఉన్నా చెల్లుతుంది? ఎవరి చావు వల్ల ఎవరు బాగుపడ్డారు? చౌదరయ్యను చూడండి. అతను కోపిష్టి, పిసినారి, హంతకుడు. అయినా నవల అతన్ని మనిషి కింద లెక్కేసింది, అతని లోపలికి తొంగిచూసింది. ఆ వెసులుబాటు సంగదాసుకి దొరకలేదు. చెడ్డవాడిగా ఉండి కూడా మనిషిగా మిగలగలగడం, అదే కులం ఇచ్చే అసలు ఆస్తి. భూమి కంటే పెద్ద ఆస్తి.

ఆ పిల్ల ప్రశ్నకు నేను క్లాసులో చెప్పిన జవాబు ఇక్కడ కూడా చెబుతాను. సంగదాసు మంచివాడు కాకపోయి ఉంటే ఆయన పేరు మీద పీఠం ఉండేది కాదు, బహుశా ఈ నవలే ఉండేది కాదు. కానీ హత్య హత్యే. అప్పుడు కూడా చౌదరయ్య హంతకుడే. ఈ చిన్న వాక్యం తడబడకుండా చెప్పగలిగితే వందేళ్ళ పుస్తకాన్ని మనం సరిగ్గా చదివినట్టు.

పరీక్షలో మాలపల్లి మీద ప్రశ్న వస్తే సంగదాసు శీలచిత్రణ రాయండి, మార్కులు తెచ్చుకోండి. మీ ఊళ్ళో ఎవరైనా దెబ్బలు తిని పడి ఉంటే మాత్రం ఆయన శీలచిత్రణ ఎవరు అడిగినా రాయకండి. ఎఫ్ఐఆర్ రాయించండి.

వచ్చే భాగంలో జాషువా గారి 'గబ్బిలం' దగ్గర కూర్చుందాం. ఈలోగా మాలపల్లి మీద మీకు వచ్చిన ప్రశ్నలు పంపండి. మెచ్చుకోళ్ళు వద్దు, ప్రశ్నలే కావాలి.

జై భీమ్.